విద్యార్థి రోబోటిక్స్, ప్రయోగాత్మక స్టెమ్ విద్యకు ప్రభుత్వ తోడ్పాటు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతం

విద్యార్థి రోబోటిక్స్, ప్రయోగాత్మక స్టెమ్ విద్యకు ప్రభుత్వ తోడ్పాటు అంటే బడిపిల్లలు యంత్రాలను, ఎలక్ట్రానిక్ వలయాలను, కంప్యూటర్ ప్రోగ్రాములను తమ చేతులతో తయారుచేస్తూ విజ్ఞానశాస్త్రం, సాంకేతికత, ఇంజనీరింగ్, గణితం నేర్చుకునేందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సమకూర్చే నిధులు, పరికరాలు, శిక్షణ, పోటీ వేదికల సముదాయం. తూర్పు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతానికి ఈ తోడ్పాటు ప్రధానంగా నీతి ఆయోగ్, కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ, కేంద్ర విద్యా శాఖ, తెలంగాణ పాఠశాల విద్యా శాఖ, తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ ద్వారా అందుతుంది. ఈ ప్రాంతం కోచింగ్ కేంద్రాలకు పేరుపొందింది. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్, ప్రైవేటు బడులు ఇక్కడ పక్కపక్కనే నడుస్తాయి. అందువల్ల పరీక్షా కేంద్రిత విద్యకు, చేసి నేర్చుకునే విద్యకు మధ్య ఉన్న సంబంధం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

పరిధి, ప్రధాన భావనలు

స్టెమ్ విద్య నాలుగు విషయాలను విడివిడిగా కాక ఒకే సమస్య చుట్టూ కలిపి బోధిస్తుంది. రోబోటిక్స్ అందులో ఒక పాయ. రోబో తయారీలో యాంత్రిక నిర్మాణం, విద్యుత్ వలయం, ప్రోగ్రామింగ్, కొలతలు, గణన అన్నీ ఒక్కచోట అవసరమవుతాయి కాబట్టి బడి స్థాయిలో దానిని సమీకృత బోధనకు అనువైన సాధనంగా ఎంచుకుంటారు.

పాఠ్యపుస్తకంలోని ప్రయోగానికి ముందే తెలిసిన ఫలితం ఉంటుంది. విద్యార్థి సూచనలను పాటిస్తూ ఆ ఫలితాన్ని రాబడతాడు. టింకరింగ్ పద్ధతిలో సమస్యను విద్యార్థే ఎంచుకుని, నమూనా తయారుచేసి, విఫలమైన చోట సవరించి మళ్లీ పరీక్షిస్తాడు. ఈ వ్యాసంలో ప్రయోగాత్మక విద్య అన్న మాట రెండింటికీ వర్తిస్తుంది.

ప్రభుత్వ తోడ్పాటును నాలుగు రూపాలుగా విభజించవచ్చు: ల్యాబ్ స్థాపనకు, నిర్వహణకు ఇచ్చే ధనసహాయం; కిట్లు, యంత్రాల సరఫరా; ఉపాధ్యాయ శిక్షణ, మెంటార్ల నియామకం; ప్రదర్శనలు, పోటీలు, పురస్కారాలు.

ప్రాంత నేపథ్యం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మలక్‌పేట దాటాక మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ వరుసగా వస్తాయి. లాల్ బహదూర్ నగర్ పేరుకు ఎల్బీనగర్ సంక్షిప్త రూపం. ఒకప్పుడు వేరే పురపాలక సంఘంగా ఉన్న ఈ ప్రాంతం 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైంది. మియాపూర్ నుంచి వచ్చే మెట్రో ఎరుపు మార్గంలో అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది.

హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల సరిహద్దు ఈ ప్రాంతం గుండానే సాగుతుంది. మలక్‌పేట, సైదాబాద్ వైపు బడులు హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి పరిధిలోకి, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు బడులు రంగారెడ్డి జిల్లా విద్యాశాఖాధికారి పరిధిలోకి వస్తాయి. ఒకే రహదారి మీది రెండు బడులు వేర్వేరు జిల్లాల వైజ్ఞానిక ప్రదర్శనలకు వెళ్లవలసి రావచ్చు. రంగారెడ్డి జిల్లాలో నగర శివార్లతో పాటు విస్తారమైన గ్రామీణ మండలాలు కూడా ఉన్నందున, ఆ జిల్లా ప్రదర్శనలో నగర బడుల పిల్లలు పల్లె బడుల పిల్లలతో కలిసి పాల్గొంటారు.

ఎంసెట్, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్, జేఈఈ, నీట్, బ్యాంకు, గ్రూప్స్ పరీక్షల శిక్షణ సంస్థలు, కంప్యూటర్ కోర్సుల కేంద్రాలు, ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్ట్ సెంటర్లు దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. హైస్కూలు స్థాయిలోనే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ప్రత్యేక తరగతులు నడిపే ప్రైవేటు బడులూ ఇక్కడ ఉన్నాయి.

చరిత్ర

తొలి దశ

చేతిపనికి చదువులో చోటు కల్పించాలన్న ఆలోచన భారతదేశంలో రోబోటిక్స్ కన్నా చాలా పాతది. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ ఉత్పాదక శ్రమను బోధనకు కేంద్రంగా చేసింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని పాఠశాల విద్యలో భాగం చేయాలని సిఫారసు చేసింది.

హైదరాబాద్ తూర్పు భాగం శాస్త్ర పరిశోధనకు ముందునుంచీ స్థావరం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు మూలమైన కేంద్ర ప్రయోగశాలలు 1944లో, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడ్డాయి. 1967లో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) నగర ఈశాన్య భాగంలో ఎలక్ట్రానిక్స్ తయారీకి పునాది వేసింది.

వైజ్ఞానిక ప్రదర్శనల దశ

బాలల జాతీయ వైజ్ఞానిక ప్రదర్శనలు 1971లో మొదలయ్యాయి. ఎన్‌సీఈఆర్‌టీ నిర్వహణలో సాగే ఈ ప్రదర్శన నేడు రాష్ట్రీయ బాల వైజ్ఞానిక ప్రదర్శిని పేరుతో జరుగుతోంది. దక్షిణాది రాష్ట్రాల విద్యార్థుల కోసం బెంగళూరులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం దక్షిణ భారత సైన్స్ ఫెయిర్‌ను సమన్వయపరుస్తుంది. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సహాయంతో మొదలైన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, కృత్యాధార బోధనను ప్రభుత్వ బడుల్లోకి తెచ్చింది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక, చెకుముకి సైన్స్ పోటీల ద్వారా తెలుగు మాధ్యమ విద్యార్థులకు సైన్స్‌ను చేరువ చేసింది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్, తమ ఊరి లేదా బస్తీ సమస్య మీద శాస్త్రీయ పద్ధతిలో పరిశోధన చేయడాన్ని పిల్లలకు అలవాటు చేసింది.

ఇదే కాలంలో బయటి ప్రపంచంలో విద్యా రోబోటిక్స్ రూపుదిద్దుకుంది. సేమూర్ పాపర్ట్ తన సహచరులతో కలిసి 1967లో పిల్లల కోసం లోగో భాషను రూపొందించాడు. లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్ 1998లో, ఆర్డుయినో మైక్రోకంట్రోలర్ బోర్డు 2005లో, స్క్రాచ్ భాష 2007లో వచ్చాయి. ఆర్డుయినో నమూనాను ఎవరైనా తయారుచేయగల బహిరంగ విధానంలో విడుదల చేయడం వల్ల చవకైన ప్రతులు భారతీయ విపణిలోకి వచ్చాయి. బడి రోబోటిక్స్ ప్రభుత్వ బడ్జెట్లకు అందుబాటులోకి రావడానికి ఇది ముఖ్య కారణం.

2008 తరువాత

కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ 2008లో ఇన్‌స్పైర్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2015 జులై 9న రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌ను మాజీ రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ఆవిష్కరించారు. 2016లో నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఏర్పడింది. 2020 జులై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యా విధానం, ఆరో తరగతి నుంచి కోడింగ్ బోధనను, 6 నుంచి 8 తరగతుల వారికి బస్తా లేని 10 రోజుల వృత్తి అనుభవాన్ని ప్రతిపాదించింది.

రాష్ట్ర స్థాయిలో 2015లో అంకుర సంస్థలకు తోడ్పడే టీ-హబ్, 2017లో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ ఏర్పడ్డాయి. 2020ని తెలంగాణ ప్రభుత్వం కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది పాఠశాలల కోసం ఇన్నోవేషన్ ఛాలెంజ్ మొదలైంది. 2023 మార్చి 2న రాయదుర్గంలో నమూనా తయారీ కేంద్రం టీ-వర్క్స్ ప్రారంభమైంది. 2023 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక రోబోటిక్స్ విధాన పత్రాన్ని విడుదల చేసింది.

రాజ్యాంగ, చట్ట ఆధారం

1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చింది. అందువల్ల ఒకే బడికి రెండు ప్రభుత్వాల పథకాలూ వర్తిస్తాయి. అదే సవరణతో వచ్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, పరిశీలనా దృష్టిని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్, కృత్యాలు, అన్వేషణ, ఆవిష్కరణల ద్వారా పిల్లలు నేర్చుకునేలా పాఠ్యప్రణాళిక ఉండాలని నిర్దేశిస్తుంది. రోబోటిక్స్ పేరు ఈ చట్టంలో లేదు. అయినా చేసి నేర్చుకునే పద్ధతికి చట్టపరమైన ఆధారం ఈ సెక్షనే.

కేంద్ర పథకాలు

అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు

అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద బడి రోబోటిక్స్‌కు నేరుగా నిధులిచ్చే ప్రధాన పథకం ఇది. 6 నుంచి 12 తరగతుల విద్యార్థులకు ఉద్దేశించారు. ఎంపికైన బడికి స్థాపనకు 10 లక్షల రూపాయలు, అయిదేళ్ల వరకు నిర్వహణకు మరో 10 లక్షలు, మొత్తం 20 లక్షల రూపాయల గ్రాంటు లభిస్తుంది. మైదాన ప్రాంత బడి సుమారు 1,500 చదరపు అడుగుల స్థలం చూపాలన్నది తొలి మార్గదర్శకాల్లోని నిబంధన. ప్రభుత్వ బడులతో పాటు ప్రైవేటు బడులు కూడా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు.

దేశవ్యాప్తంగా సుమారు 10,000 ల్యాబ్‌లు ఏర్పడ్డాయి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 2,750 కోట్ల రూపాయలతో మిషన్‌ను 2028 మార్చి 31 వరకు పొడిగించింది. 2025-26 కేంద్ర బడ్జెట్ అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబ్‌లను ప్రకటించింది. కొత్త విస్తరణ ప్రభుత్వ బడులకే పరిమితం కావడం పథకం దిశలో వచ్చిన ముఖ్యమైన మార్పు.

ఇన్‌స్పైర్-మనక్

ఇన్‌స్పైర్ కార్యక్రమంలో భాగంగా, ల్యాబ్‌కు కాక విద్యార్థి ఆలోచనకు డబ్బు ఇచ్చే పథకం ఇది. కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ, అహ్మదాబాద్ సమీపంలోని జాతీయ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తో కలిసి దీనిని నిర్వహిస్తుంది. తొలుత 6 నుంచి 10 తరగతుల విద్యార్థులకు ఉద్దేశించిన ఈ పథకంలో ప్రతి బడి అయిదు ఆలోచనలను పంపవచ్చు. ఎంపికైన విద్యార్థి బ్యాంకు ఖాతాలో నమూనా తయారీకి 10,000 రూపాయలు జమ అవుతాయి. విద్యార్థికి తోడుగా ఉండి పని చేయించే ఉపాధ్యాయుడిని గైడ్ టీచర్ అంటారు.

రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్, సమగ్ర శిక్ష

సమగ్ర శిక్ష 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్యా పథకాలను కలిపి ఏర్పడింది. ఆవిష్కార్ అభియాన్ ఇప్పుడు దాని పరిధిలో నడుస్తోంది. సైన్స్, గణిత క్లబ్బులు, క్విజ్‌లు, ప్రదర్శనలు, పరిశోధన సంస్థల సందర్శనలకు దీని నుంచి నిధులు వస్తాయి. ప్రభుత్వ బడులకు విద్యార్థుల సంఖ్యను బట్టి ఏటా వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు కూడా సమగ్ర శిక్షలోదే. సుద్దముక్కల నుంచి మరమ్మతుల వరకు అన్ని ఖర్చులూ దీని నుంచే భరించాలి కాబట్టి ప్రయోగ సామగ్రికి మిగిలేది కొంత భాగమే.

పీఎం శ్రీ పాఠశాలలు

2022 సెప్టెంబరులో ఆమోదం పొందిన ఈ పథకం దేశంలో 14,500కు పైగా బడులను ఆదర్శ పాఠశాలలుగా తీర్చిదిద్దేందుకు ఉద్దేశించింది. ప్రయోగశాలలు, స్మార్ట్ తరగతులు, వృత్తి నైపుణ్యాల శిక్షణ ఇందులో భాగం.

జిజ్ఞాస, విజ్ఞాన్ జ్యోతి

జిజ్ఞాస 2017 జులైలో మొదలైంది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) ప్రయోగశాలలను కేంద్రీయ విద్యాలయాలతో అనుసంధానం చేయడం దీని తొలి లక్ష్యం. 2019లో మొదలైన విజ్ఞాన్ జ్యోతి, 9 నుంచి 12 తరగతుల బాలికలను సైన్స్, ఇంజనీరింగ్ కోర్సుల వైపు ప్రోత్సహిస్తుంది. జవహర్ నవోదయ విద్యాలయాలు దీనికి జ్ఞాన కేంద్రాలుగా పనిచేస్తాయి.

రాష్ట్ర కార్యక్రమాలు

తెలంగాణ స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్

రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్, పాఠశాల విద్యా శాఖ, యూనిసెఫ్, ఇంక్వి-ల్యాబ్ ఫౌండేషన్ కలిసి 33 జిల్లాల బడుల కోసం నడిపిన కార్యక్రమం ఇది. ముందు ఉపాధ్యాయులకు డిజైన్ థింకింగ్‌లో ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చి, ఆ తరువాత విద్యార్థి జట్ల నుంచి ఆలోచనలను స్వీకరించారు. ఖరీదైన పరికరాలు లేకుండానే సమస్యను గుర్తించడం, పరిష్కారాన్ని ఊహించడం, నమూనా చేయడం అనే క్రమాన్ని నేర్పడం దీని ప్రత్యేకత.

ఇంటింటా ఇన్నోవేటర్

2019లో ప్రారంభమైన ఈ కార్యక్రమం విద్యార్థులు, రైతులు, గృహిణులు, కార్మికులు ఎవరైనా తమ ఆవిష్కరణను చూపించే వీలు కల్పిస్తుంది. ఎంపికైన వాటిని స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కేంద్రాల్లో ప్రదర్శిస్తారు.

రోబోటిక్స్ విధాన పత్రం

2023 మే నాటి ఈ విధానం రోబోటిక్స్ ఆవిష్కరణ కేంద్రం, పరీక్షా సదుపాయాలతో కూడిన రోబో పార్కు, పరిశ్రమలతో ఒప్పందాలను ప్రతిపాదించింది. వ్యవసాయం, ఆరోగ్యం, పారిశ్రామిక ఆటోమేషన్, వినియోగదారుల రోబోలు దాని ప్రధాన రంగాలు. ప్రధానంగా పరిశ్రమల విధానమే అయినా, బడిలో మొదలయ్యే నైపుణ్యానికి రాష్ట్రంలోనే ఉపాధి మార్గం ఏర్పరచే ఉద్దేశం దానిలో ఉంది.

కోడింగ్, వృత్తి శిక్షణ

2025లో తెలంగాణ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో బోధన మెరుగుదల కోసం పలు స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. వాటిలో పై జామ్ ఫౌండేషన్‌తో కుదిరినది కోడింగ్, కంప్యూటేషనల్ థింకింగ్‌లకు సంబంధించింది. 2024లో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే ప్రాజెక్టు, సుమారు 2,324 కోట్ల రూపాయల వ్యయ అంచనాతో మొదలైంది. పారిశ్రామిక రోబోటిక్స్, డిజిటల్ తయారీ వంటి కోర్సులు అందులో ఉన్నాయి. పదో తరగతి తరువాత ఇంటర్ వైపు వెళ్లని విద్యార్థికి రోబోటిక్స్‌లో కొనసాగే ప్రభుత్వ మార్గాల్లో ఇది ఒకటి.

ఉన్నత విద్యలో కొనసాగింపు

ఇంజనీరింగ్ కళాశాలల స్థాయిలో కేంద్ర విద్యా శాఖ నిధులతో ఐఐటీ బాంబే నడిపే ఇ-యంత్ర, ఏఐసీటీఈ 2021లో ప్రారంభించిన ఐడియా ల్యాబ్‌లు, స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లోని తిహాన్ కేంద్రం, జాతీయ సైబర్-ఫిజికల్ వ్యవస్థల మిషన్ కింద స్వయంచాలిత వాహనాల మీద పనిచేస్తుంది. దాని పరీక్షా క్షేత్రం 2022 జులైలో ప్రారంభమైంది.

పని తీరు

నిధుల నడక

అటల్ ల్యాబ్ కోసం బడి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తుంది. ఎంపికయ్యాక ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరిచి, ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ వ్యవస్థలో నమోదు చేయాలి. కొనుగోళ్లు నిబంధనల ప్రకారం జరగాలి. ఇందుకు ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ పోర్టల్ ఒక మార్గం. ఖర్చుకు వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ లెక్కలు సమర్పిస్తేనే తరువాతి విడత వస్తుంది.

పరికరాలు

ల్యాబ్ సామగ్రిని నాలుగు విభాగాలుగా వర్గీకరించారు. మొదటిది ఎలక్ట్రానిక్స్, రోబోటిక్స్, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, సెన్సర్లు. రెండోది 3డీ ప్రింటర్ వంటి నమూనా తయారీ యంత్రాలు. మూడోది యాంత్రిక, విద్యుత్, కొలత పనిముట్లు. నాలుగోది విద్యుత్ సరఫరా, అనుబంధ సామగ్రి, భద్రతా పరికరాలు. తీగలు, బ్యాటరీలు, సెన్సర్లు, ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ దారం వాడేకొద్దీ తరిగిపోతాయి. నిర్వహణ గ్రాంటులో వీటికి తప్పక చోటుండాలి.

బడిలో తయారయ్యే సాధారణ రోబోలు

గీతను అనుసరించే రోబోతో పిల్లలు సాధారణంగా మొదలుపెడతారు. దాని అడుగున రెండు పరారుణ సెన్సర్లు ఉంటాయి. తెల్లని నేల పరారుణ కాంతిని తిప్పి పంపుతుంది, నల్లని గీత పీల్చుకుంటుంది. ఎడమ సెన్సర్ కింద నలుపు వచ్చినప్పుడు రోబో ఎడమకు, కుడి సెన్సర్ కింద వచ్చినప్పుడు కుడికి తిరిగేలా ప్రోగ్రాము రాస్తారు. ఆర్డుయినో బోర్డు పిన్ నుంచి వచ్చే కొద్ది మిల్లీఆంపియర్ల విద్యుత్తు మోటారును తిప్పడానికి చాలదు. కాబట్టి ఎల్298ఎన్ వంటి మోటార్ డ్రైవర్‌ను మధ్యలో పెడతారు.

అడ్డంకిని తప్పించుకునే రోబోలో అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంటుంది. అది 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో ధ్వనిని పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చే సమయాన్ని కొలుస్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ప్రతిధ్వని 2 మిల్లీసెకన్లలో వస్తే, వేగాన్ని కాలంతో గుణించి రెండుతో భాగించగా అడ్డంకి సుమారు 34 సెంటీమీటర్ల దూరంలో ఉందని తేలుతుంది. తొమ్మిదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలోని ధ్వని పాఠం, పదో తరగతిలోని విద్యుత్ ప్రవాహం, విద్యుదయస్కాంతత్వం పాఠాలు ఈ పనిలో ప్రత్యక్షంగా ఉపయోగపడతాయి.

నీటి ట్యాంకు నిండగానే మోటారు ఆపే పరికరం, చూపులేనివారి కోసం అడ్డంకిని పసిగట్టే చేతికర్ర, తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేసే బుట్ట, నేలలో తేమను బట్టి నీరు పెట్టే వ్యవస్థ ఈ స్థాయి ప్రదర్శనల్లో తరచుగా కనిపించే అంశాలు.

పోటీల అంచెలు

ఇన్‌స్పైర్-మనక్‌లో జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు వరుసగా జరుగుతాయి. పథకం రూపకల్పన ప్రకారం దేశం మొత్తం మీద 10 లక్షల ఆలోచనల నుంచి లక్ష, వాటి నుంచి 10,000, తరువాత 1,000, చివరకు 60 ఎగ్జిబిట్లను ఎంపిక చేస్తారు. జిల్లా స్థాయిలో ఈ పనిని జిల్లా సైన్స్ అధికారి సమన్వయపరుస్తారు. తుది స్థాయికి చేరినవారికి సాంకేతిక సంస్థల మార్గదర్శనం అందుతుంది. అటల్ మిషన్ నిర్వహించే ఏటీఎల్ మారథాన్ దేశంలోని టింకరింగ్ ల్యాబ్ విద్యార్థుల పోటీ. 2004లో మొదలైన ప్రపంచ రోబో ఒలింపియాడ్ వంటి అంతర్జాతీయ పోటీలు ప్రభుత్వేతరమైనవి. వాటి ప్రవేశ రుసుము, కిట్లు, ప్రయాణ ఖర్చు సాధారణంగా జట్టే భరించాలి.

మానవ వనరులు

ప్రతి అటల్ ల్యాబ్‌కు ఒక ఇన్‌ఛార్జి ఉపాధ్యాయుడు ఉంటాడు. సాధారణంగా భౌతికశాస్త్ర, గణిత లేదా కంప్యూటర్ ఉపాధ్యాయుడికి ఈ బాధ్యత అదనంగా వస్తుంది. మెంటార్ ఆఫ్ ఛేంజ్ పేరుతో నిపుణులు వారానికి కొద్ది గంటలు స్వచ్ఛందంగా సహాయపడే ఏర్పాటు ఉంది. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ ఉపాధ్యాయ శిక్షణకు బాధ్యత వహిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానళ్లైన టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమవుతాయి.

సమీప వనరులు

ఎల్బీనగర్‌కు ఉత్తరాన ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక మధ్య జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) ఉన్నాయి. మూడూ సీఎస్ఐఆర్ ప్రయోగశాలలే. మెట్రో నీలి మార్గంలో ఎన్‌జీఆర్‌ఐ పేరుతో ఒక స్టేషన్ కూడా ఉంది. విద్యార్థులు ఈ ప్రయోగశాలలను చూసేందుకు సీఎస్ఐఆర్ సందర్శన దినాలు, జిజ్ఞాస కార్యక్రమం వీలు కల్పిస్తాయి.

రాయదుర్గంలోని టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల ప్రభుత్వ నమూనా తయారీ కేంద్రం. లేజర్ కటింగ్, 3డీ ప్రింటింగ్, లోహపు పని, చెక్క పని, సర్క్యూట్ బోర్డుల తయారీ అక్కడ ఒకేచోట దొరుకుతాయి. అయితే నగర పశ్చిమ చివర ఉన్నందున తూర్పు ప్రాంత విద్యార్థులు ఎల్బీనగర్ నుంచి ఎరుపు మార్గంలో వెళ్లి అమీర్‌పేటలో మారాలి, లేదా నాగోల్ నుంచి నీలి మార్గంలో నేరుగా వెళ్లాలి. ఆదర్శనగర్‌లోని బిర్లా సైన్స్ సెంటర్, ప్లానెటేరియం పాత తరాల నుంచీ బడి యాత్రల గమ్యం. విడి భాగాల కొనుగోలుకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాలు నగరమంతటికీ ఆధారం.

ప్రైవేటు, స్వచ్ఛంద రంగం

ఈ రంగంలో ప్రభుత్వమే ఏకైక పాత్రధారి కాదు. ప్రైవేటు బడులు రోబోటిక్స్ సంస్థలతో ఒప్పందం చేసుకుని, అదనపు రుసుముతో తరగతులు నడుపుతాయి. స్వచ్ఛంద రంగంలో 1999లో ప్రారంభమైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ ముఖ్యమైనది. చిత్తూరు జిల్లా కుప్పం సమీపంలోని 172 ఎకరాల ప్రాంగణంలోను, సంచార సైన్స్ ల్యాబ్‌ల ద్వారాను అది ప్రభుత్వ బడుల పిల్లలకు ప్రయోగాలు చేయించింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో ప్రభుత్వ బడుల్లో ఏర్పాటయ్యే స్టెమ్ ల్యాబ్‌లు మరో మార్గం.

ఇతర ప్రాంతాల అనుభవం

ఎస్టోనియా 2012లో ప్రారంభించిన ప్రోజ్‌టైగర్ కార్యక్రమం బడులకు రోబోటిక్స్ సామగ్రి కొనుగోలుకు సహాయంతో పాటు ఉపాధ్యాయ శిక్షణనూ ఇచ్చింది. అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ రోబోటిక్స్ పోటీలు ప్రైవేటు విరాళాలతో పెరిగాయి. తరువాత మిషిగన్ వంటి రాష్ట్ర ప్రభుత్వాలు బడి జట్లకు గ్రాంట్లు, జట్టు నడిపే ఉపాధ్యాయులకు భత్యం ఇవ్వడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో బీబీసీ రూపొందించిన మైక్రోబిట్ బోర్డును 2016లో ఏడో తరగతి పిల్లలకు ఉచితంగా పంచారు. భారతదేశం ల్యాబ్ కేంద్రిత నమూనాను, బ్రిటన్ ప్రతి బిడ్డకూ పరికరం ఇచ్చే నమూనాను, మిషిగన్ జట్టు కేంద్రిత నమూనాను ఎంచుకున్నాయి.

పరిమితులు, చర్చనీయాంశాలు

నిర్వహణ కాలం. అటల్ గ్రాంటుకు కాలపరిమితి ఉంది. అది ముగిశాక తరిగే సామగ్రి, మరమ్మతుల ఖర్చు బడి మీద పడుతుంది. రుసుము వసూలు చేయని ప్రభుత్వ బడికి ఇది పెద్ద భారం.

టైంటేబుల్, మార్కులు. రోబోటిక్స్‌కు కేటాయించిన పీరియడ్ లేనిచోట ల్యాబ్ పని ప్రదర్శనల సీజన్‌కే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. 2014-15లో వచ్చిన పదో తరగతి సంస్కరణ 80 మార్కులను పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులను అంతర్గత మూల్యాంకనానికి ఇచ్చింది. ప్రాజెక్టు పని, ప్రయోగాలు అంతర్గత మార్కుల్లోకి వస్తాయి. ఆ మార్కులు పిల్లల పనిని నిజంగా ప్రతిబింబిస్తున్నాయా అన్న చర్చ కొనసాగుతోంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం వాటి రద్దును ప్రకటించి, తరువాత పాత పద్ధతినే కొనసాగించింది.

స్థలం. దిల్‌సుఖ్‌నగర్ వంటి ఇరుకైన ప్రాంతంలో 1,500 చదరపు అడుగుల గది కేటాయించడం చిన్న బడులకు కష్టం. ల్యాబ్ ఉన్న బడి పొరుగు బడుల పిల్లలను రానివ్వాలని మిషన్ ప్రోత్సహిస్తుంది. దాని అమలు ప్రధానోపాధ్యాయుల చొరవ మీద ఆధారపడుతుంది.

భాష. కిట్ల సూచనలు, ప్రోగ్రామింగ్ పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు పాఠాలున్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. రోబోటిక్స్ సామగ్రికి అటువంటి ఏర్పాటు ఇంకా విస్తృతంగా రాలేదు.

అందుబాటు. ఫీజు కట్టగల కుటుంబపు బిడ్డకు రోబోటిక్స్ తరగతి ఇంటి సమీపంలోనే దొరుకుతుంది. కూలి పనుల కోసం నగరానికి వలస వచ్చిన కుటుంబపు బిడ్డకు ప్రభుత్వ బడిలోని ల్యాబ్ ఒక్కటే దారి. అందుకే కొత్త ల్యాబ్‌లను ప్రభుత్వ బడులకు కేటాయించాలన్న 2025 నిర్ణయం సమానత్వ దృష్టిలో కీలకమైనది.

ప్రాముఖ్యం

విద్యాపరంగా చూస్తే, చేసి నేర్చుకునే పద్ధతి పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని పిల్లవాడు తన పరికరంతో పరీక్షించుకునే అవకాశం ఇస్తుంది. తప్పును దాచకుండా వెతికి సరిదిద్దే అలవాటు, జట్టుగా పనిచేయడం, వివరించి చెప్పడం దీనితో అబ్బే ఇతర నైపుణ్యాలు. ఆర్థికంగా చూస్తే, ఎలక్ట్రానిక్స్, రక్షణ, ఔషధ, వాహన పరిశ్రమలున్న హైదరాబాద్‌కు యంత్రాలను అర్థం చేసుకుని నడపగల యువత అవసరం. సామాజికంగా చూస్తే, తన బస్తీలోని నీటి కొరత, చెత్త, ట్రాఫిక్ సమస్యలకు పరిష్కారం వెతికే అవకాశం పిల్లలకు పౌర బాధ్యతను పరిచయం చేస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతంలో ఇందుకు కావలసినవి చాలావరకు ఇప్పటికే ఉన్నాయి: అన్ని యాజమాన్యాల బడులు, ఇంజనీరింగ్ చదివిన యువత, దగ్గరలో జాతీయ ప్రయోగశాలలు, నగరం రెండు కొసలను కలిపే మెట్రో. ప్రారంభ గ్రాంటుకు తోడు ప్రతి వారం ఒక నిర్ణీత పీరియడ్, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, ఏటా తరిగే సామగ్రికి నిధులు అందినప్పుడు ల్యాబ్ ఏడాది పొడవునా పనిచేస్తుంది. వీటిలో టైంటేబుల్, ఉపాధ్యాయుల నియామకం రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనివి, గ్రాంటు ఎక్కువగా కేంద్రానిది. కాబట్టి పథకం ఫలితం రెండు ప్రభుత్వాల సమన్వయం మీద ఆధారపడుతుంది.

ఇవి కూడా చూడండి

అటల్ ఇన్నోవేషన్ మిషన్, ఇన్‌స్పైర్-మనక్, కొఠారీ కమిషన్, జన విజ్ఞాన వేదిక, జాతీయ విద్యా విధానం 2020, జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్, టీ-వర్క్స్, నయీ తాలీమ్, విద్యాహక్కు చట్టం 2009, సమగ్ర శిక్ష.